గల్లాపెట్టె, స్వైప్ మెషీను, స్పీకరు: చిన్న కొట్టు చెల్లింపుల లెక్క

‘ఈరోజు నగదు – రేపు అరువు’ అన్న బోర్డు లేని కిరాణా కొట్టు ఒకప్పుడు అరుదు. ఆ బోర్డు చోట ఇప్పుడు మూడు నాలుగు రంగుల క్యూఆర్ స్టిక్కర్లు, వాటి పక్కన అరచేతిలో పట్టేంత స్పీకరు. ఏ కంపెనీ యాప్‌తో పంపినా కొనేవారి నోట వచ్చే మాట ఒక్కటే: ‘ఫోన్‌పే కొట్టానండీ’. స్పీకరు అంకె చదివిందా, బేరం ముగిసినట్టే.

ఇంత తేలికైన పని చుట్టూ 2025లో జరిగిన గొడవలు చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. మార్చిలో చెల్లింపుల కంపెనీల సంఘం, రుసుము తీసుకోనివ్వమని ప్రధానికి లేఖ రాసింది. మార్చి చివర, మళ్లీ ఏప్రిల్‌లో యూపీఐ దేశమంతటా మొరాయించింది. రుసుము వస్తోందన్న వార్తను జూన్‌లో ఆర్థిక శాఖ ఖండించింది. జులైలో బెంగళూరు చిరువ్యాపారులు స్టిక్కర్లు పీకేసి ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని కాగితాలు అంటించారు. ఆ మరుసటి నెలే యూపీఐ లావాదేవీలు తొలిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి.

వాదనలు ఎక్కువగా ‘రుసుము ఉండాలా, వద్దా’ అన్న ఒక్క ముడి దగ్గరే తిరుగుతున్నాయి. కొట్టు లెక్కలో రుసుమన్నది ఒక పద్దు మాత్రమే. డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఎవరి కంట పడుతుంది, మధ్యలో ఎవరు ఆపగలరు, చివరికి ఏ అప్పుగా తిరిగొస్తుంది అన్న పద్దులు ఇంకా ఉన్నాయి. చర్చలో ఇవి విడివిడిగా వినిపిస్తుంటాయి గానీ కొట్టువాడు కట్టే మూల్యం వీటన్నిటి మొత్తం.

అద్దె మెషీన్ల కాలం

కార్డు చెల్లింపులో అమ్మినవారి నుంచి కోసుకునే శాతాన్ని ఎండీఆర్ అంటారు. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. మెషీను పెట్టిన బ్యాంకుకు కొంత, వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్కుకు కొంత పోతుంది. 2012లో రిజర్వ్ బ్యాంకు డెబిట్ కార్డులకు దీన్ని 2,000 రూపాయల దాకా 0.75 శాతానికి, ఆ పైన ఒక శాతానికి పరిమితం చేసింది. చూడటానికి చిన్న అంకెలే. అయినా మెషీనుకు నెల అద్దె, కరెంట్ ఖాతా, ఫోన్ లైను అన్నీ కలిపితే సందులో కిరాణా కొట్టుకు అందేది కాదు. స్వైప్ మెషీను బట్టల షోరూముకు, నగల దుకాణానికి, పెట్రోలు బంకుకే పరిమితమైంది.

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యేసరికి అందరికీ మెషీన్లు గుర్తొచ్చాయి. యూపీఐ అప్పటికే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ చేతుల మీదుగా మొదలై, ఆగస్టు చివర బ్యాంకు యాప్‌లలోకి వచ్చింది. కానీ దాని సంగతి జనానికి ఇంకా తెలియదు. డిజిటల్ చెల్లింపులపై వేసిన ముఖ్యమంత్రుల సంఘానికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నేతృత్వం వహించారు. 2017 జనవరిలో ఇచ్చిన మధ్యంతర నివేదికలో చిరువ్యాపారులకు స్మార్ట్‌ఫోన్ కోసం వెయ్యి రూపాయల రాయితీ, 50 వేలు దాటిన బ్యాంకు నగదు లావాదేవీలపై పన్ను వంటి సిఫార్సులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ‘ఏపీ పర్స్’ అనే చెల్లింపుల యాప్ తెచ్చింది. తెలంగాణ 2017 జూన్‌లో ‘టీ వాలెట్’ తెచ్చింది. ఇవాళ కొట్టు గోడల మీద ఆ రెండు పేర్లూ కనబడవు.

ఆ రోజుల పాఠం సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్‌ది. నోట్ల రద్దు జరిగిన కొద్ది వారాలకే అది నగదు రహిత గ్రామంగా పేరుకెక్కింది. దుకాణాలకు స్వైప్ మెషీన్లు వచ్చాయి, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. ఏడాదిన్నర తిరిగేసరికి, మెషీన్ల అద్దె మోయలేక దుకాణదారులు వాటిని వెనక్కిచ్చేశారని అవే పత్రికలు రాశాయి. ఊరివాళ్లకు కార్డు గీకడం రాక కాదు. అమ్మకం ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. పల్లె కొట్టులో అమ్మకం పంటతో, కూలి డబ్బులతో లేస్తూ పడుతూ ఉంటుంది. అద్దెకు ఆ కాలాలు తెలియవు.

సున్నా ఎలా వచ్చింది

మెషీన్లు చేయలేని పని కాగితం ముక్క చేసింది. క్యూఆర్ కోడ్‌కు అద్దె లేదు, కరెంటు లేదు, పాడయ్యేది లేదు. చిరిగితే ఇంకోటి అంటిస్తారు. దానికి తోడు ప్రభుత్వం మెట్టు మెట్టుగా రుసుమును కిందికి దించుకొచ్చింది. 2018 జనవరి నుంచి డెబిట్ కార్డు రుసుముల్లో చిన్న వ్యాపారిని వేరు చేశారు. ఏడాది అమ్మకం 20 లక్షల లోపుంటే మెషీను మీద 0.40 శాతం, క్యూఆర్ మీద 0.30 శాతం, మించితే 0.90, 0.80. రెండు వేల లోపు లావాదేవీల రుసుమును రెండేళ్లపాటు ప్రభుత్వమే బ్యాంకులకు కట్టింది.

2019 మే నెలలో డిజిటల్ చెల్లింపులపై వేసిన నందన్ నీలేకని సంఘం రిజర్వ్ బ్యాంకుకు నివేదిక ఇచ్చింది. కార్డు ఇచ్చిన బ్యాంకు తీసుకునే వాటాను తగ్గించాలంది, ఎత్తేయమనలేదు. రెండు నెలలు తిరగకుండానే జులై బడ్జెట్ ఏకంగా సున్నా దగ్గరికి వెళ్లింది. 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు ఎండీఆర్ లేదు. ఈ సున్నా చిన్న కొట్టుకూ ఉంది, వందల శాఖలున్న సూపర్‌మార్కెట్‌కూ ఉంది. ఆరేళ్లుగా నడుస్తున్న రగడకు మూలం ఈ సమానత్వమే.

మూడు వాదాలు

మొదటిది ‘రోడ్డు’ వాదం. ఊరికి రోడ్డు వేసినట్టే చెల్లింపుల బాటనూ ప్రభుత్వమే వేయాలి, నడిచేవాడిని డబ్బు అడగకూడదు అంటుంది. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల రుసుములపై చర్చాపత్రం విడుదల చేసినప్పుడు, యూపీఐ ప్రజలందరిదీ, రుసుము ఆలోచనే లేదని ఆర్థిక శాఖ వెంటనే ప్రకటించింది. ఈ వాదానికి గట్టి ఆధారం మనిషి స్వభావం. ఇరవై రూపాయల టీకి పది పైసలు పోతాయన్నా టీ కొట్టువాడు స్టిక్కరు తీసేస్తాడు. పది పైసల కోసం కాదు, రేపు అది రూపాయి అవుతుందన్న అనుమానంతో.

రెండోది ‘ఎవరో ఒకరు కట్టాలి’ వాదం. ఆ చర్చాపత్రమే 800 రూపాయల యూపీఐ చెల్లింపుకు మొత్తం వ్యవస్థకు రెండు రూపాయల ఖర్చని లెక్క వేసింది. ఆ లోటుకు బదులు ప్రభుత్వం ఏటా బ్యాంకులకు, యాప్ కంపెనీలకు ప్రోత్సాహకం ఇస్తోంది. 2023–24కు 3,600 కోట్లు దాటిన ఈ మొత్తం 2024–25 పథకంలో 1,500 కోట్లకు పడిపోయింది. దాని ప్రకారం చిన్న వ్యాపారికి వచ్చిన 2,000 లోపు చెల్లింపుకు 0.15 శాతం. ఇరవై రూపాయల టీకి మూడు పైసలన్నమాట. ఆ మూడు పైసలనూ కొన్నవాడి బ్యాంకు, అమ్మినవాడి బ్యాంకు, యాప్ కంపెనీ పంచుకోవాలి. ఏడాదికి పది వేల కోట్ల దాకా ఖర్చవుతుందని కంపెనీల సంఘం అంటోంది. సొంత లెక్క కాబట్టి కొంత తగ్గించి వినాలి గానీ, ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందేనని రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా కూడా 2025లో అన్నారు.

మూడోది మధ్యేమార్గం. చిన్నవాళ్లకు సున్నా ఉంచి, పెద్ద వ్యాపారుల నుంచి 0.3 శాతం తీసుకోనివ్వాలన్నది మార్చి లేఖలోని కోరిక. పోలికకు చూస్తే, క్రెడిట్ కార్డుకు ఇదే పెద్ద దుకాణాలు ఇంతకు ఎన్నో రెట్లు నోరు మెదపకుండా కడుతున్నాయి. ఈ దారిలో కొంత నడక ఇప్పటికే సాగింది. 2023 ఏప్రిల్ నుంచి వాలెట్‌లోని డబ్బుతో యూపీఐ ద్వారా 2,000 దాటి చెల్లిస్తే 1.1 శాతం దాకా రుసుముంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలిస్తే చిన్న వ్యాపారికి 2,000 దాకా సున్నా, ఆ పైన కోత. అంటే ‘యూపీఐ ఉచితం’ అన్న మాట ఇప్పటికే పూర్తి నిజం కాదు.

మధ్యేమార్గమే సబబుగా కనిపిస్తుంది. అయితే చిన్నవాళ్లకు ఇప్పుడు ఖర్చేమీ లేదన్న నమ్మకం మీద ఈ మూడు వాదాలూ నిలబడ్డాయి. ఆ నమ్మకమే తప్పు.

మూడు వేల బేరం, ఆరు దారులు

మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే చిన్న షాపు ఒకటి అనుకుందాం. మూడు వేల మిక్సీ మీద నూటికి ఎనిమిది మిగిలితే లాభం 240 రూపాయలు. డబ్బు ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టి ఈ 240 మారిపోతుంది.

యూపీఐతో వస్తే కోత లేదు, 240కి 240. రూపే డెబిట్ కార్డైనా అంతే, కాకపోతే మెషీను అద్దె వేరే ఉంటుంది. వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ కార్డైతే, 20 లక్షల లోపు షాపుకు గరిష్ఠంగా 0.40 శాతం, అంటే 12 రూపాయలు, దాని మీద జీఎస్టీ. క్రెడిట్ కార్డుకు గరిష్ఠ పరిమితి లేదు. రెండు శాతం అనుకుంటే 60, దానిపై 18 శాతం జీఎస్టీ 10.80, వెరసి 70.80. లాభంలో దాదాపు మూడో వంతు కొట్టు దాటి పోయినట్టే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపు ఆ 10.80ని తిరిగి రాబట్టుకోగలదు. అమ్మకంపై ఇంత శాతమని కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి, అసలు రిజిస్ట్రేషనే లేనివారికి ఆ వీలు లేదు. కనుక ఒకే కార్డు చిన్నవాడికి ఎక్కువ ఖర్చు. ‘కార్డైతే రెండు శాతం ఎక్స్‌ట్రా అండీ’ అన్న మాట పుట్టింది ఇక్కడే. వాట్సాప్‌లో చీరలు అమ్మే ఇల్లాలు పేమెంట్ లింకు పంపితే, కార్డుతో కట్టిన డబ్బుపై గేట్‌వే కంపెనీ కోతా సుమారుగా ఇంతే ఉంటుంది. పైగా ఆ డబ్బు మర్నాడో ఆ మర్నాడో గానీ ఖాతాలో పడదు. ఇలాంటి కంపెనీలను రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి నుంచి లైసెన్సు కిందికి తెచ్చింది. అమ్మకందారు డబ్బును తమ సొమ్ములో కలపకుండా విడి ఖాతాలో ఉంచాలి.

నగదైతే కోత సున్నా. కానీ కరెంట్ ఖాతాలో నెలకు ఇంత అని దాటి జమచేస్తే బ్యాంకు చార్జీ వేస్తుంది. దొంగనోటు భయం, చిల్లర బెడద ఉండనే ఉన్నాయి. చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టే ఆచారాన్ని యూపీఐ దాదాపుగా చంపేసింది. ఆ చాక్లెట్లలోనూ లాభం ఉండేదని గుర్తుపెట్టుకోవాలి.

ఇక అరువు. నెల తర్వాత ఇస్తానని మిక్సీ పట్టుకెళితే, ఆ మూడు వేలకు బదులు తెచ్చే అప్పుకు రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 60 రూపాయలు. క్రెడిట్ కార్డు కోతా అదే 60. కార్డు రుసుము చూసి గుండెలు బాదుకునే షాపువాడు పాత ఖాతాదారుకు నవ్వుతూ అరువిస్తాడు. తెలియక కాదు. అరువు ఖర్చు పుస్తకంలో కనిపించదు, పైగా దాంతో పాటు ఖాతాదారు మళ్లీ వస్తాడన్న హామీ వస్తుంది. రెండు శాతం కోసుకున్న బ్యాంకు మళ్లీ ఎవరినీ పంపదు.

స్పీకరు అద్దె

సున్నా రుసుము కాలంలో కంపెనీలు కనిపెట్టిన ఆదాయ మార్గం ఈ స్పీకరు. దాని అవసరం కల్పితమేమీ కాదు. బండి దగ్గర తల్లి ఉంటుంది, ఖాతాకు ముడిపడిన ఫోను కొడుకు దగ్గర ఉంటుంది. డబ్బు పడిందో లేదో ఆవిడకు తెలిసే దారి లేదు. పాత స్క్రీన్‌షాట్ చూపి పోయేవాళ్లు, అచ్చం అసలు యాప్‌లా కనిపించే నకిలీ యాప్‌తో టిక్కు మార్కు చూపించేవాళ్లు ఆ సందులోనే దూరారు. స్పీకరు ఆ సందు మూసింది. చేతులకు పిండి ఉన్నా, చదువు రాకపోయినా, చెవికి అంకె అందుతుంది. 2024 నుంచి ఒక కంపెనీ స్పీకరులో మహేశ్ బాబు గొంతు కూడా వినిపిస్తోంది.

దానికి అద్దె ఉంది. కంపెనీని బట్టి అటూ ఇటూ అయినా నెలకు వంద రూపాయలనుకుందాం. నెలకు యూపీఐ మీద 30 వేలు వచ్చే టిఫిన్ బండికి ఆ వంద 0.33 శాతం. పెద్ద వ్యాపారుల దగ్గర తీసుకోనివ్వండని కంపెనీలు అడుగుతున్నది 0.3 శాతం. అంటే పెద్దవాళ్లకు వేయాలా వద్దా అని ఢిల్లీలో తేలని రుసుమును ఇడ్లీ బండి ఇప్పటికే కడుతోంది. నెలకు పది లక్షలు వచ్చే దుకాణానికి అదే వంద రూపాయలు 0.01 శాతం. అద్దె పేరుతో వచ్చింది కాబట్టి దీన్ని ఎవరూ ఎండీఆర్ అనరు. ఇబ్రహీంపూర్ మెషీను అద్దె చిన్న రూపంలో తిరిగొచ్చిందంతే.

వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకంలో డిజిటల్ చెల్లింపులు తీసుకుంటే నెలకు గరిష్ఠంగా వంద రూపాయల క్యాష్‌బ్యాక్ పెట్టారు. ప్రభుత్వం ఇచ్చిన వంద స్పీకరు అద్దెకు సరిపోతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేతికి పోయిందనడం కాస్త కటువే గానీ, లెక్క మాత్రం అదే.

జాడ

నగదుకు లేనిది, యూపీఐకి ఉన్నది జాడ. దాని బలం, బెడద రెండూ 2025 జులైలో కర్ణాటకలో బయటపడ్డాయి. 2021–22 నుంచి నాలుగేళ్ల యూపీఐ రాబడులను తీసి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి దాటారంటూ అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేల మంది వ్యాపారులకు నోటీసులిచ్చింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో కోటీ 63 లక్షలు వచ్చాయంటూ 29 లక్షలు కట్టమన్నారు. తాజా కూరగాయలకు జీఎస్టీయే లేదు. వ్యాపారులు బంద్‌కు పిలుపిచ్చాక ముఖ్యమంత్రి పాత బకాయిలు వసూలు చేయబోమని, అయితే ఇకపై రిజిస్టర్ చేసుకోవాల్సిందేనని చెప్పారు.

ఇది పక్క రాష్ట్రం గొడవ అనుకోవడానికి లేదు. వస్తువులు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 2019లో 40 లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. 20 లక్షలంటే పెద్ద మొత్తంలా వినిపిస్తుంది. రోజుకు చూస్తే 5,500 రూపాయల అమ్మకం. పాలు, పెరుగు, బియ్యం, నూనె అమ్మే మామూలు కాలనీ కొట్టు ఖమ్మంలో ఆ గీత దాటేస్తుంది. అదే కొట్టు నందిగామలో ఉంటే రోజుకు పదకొండు వేల దాకా దాటదు. నగదు రోజుల్లో ఈ తేడా కాగితం మీదే ఉండేది. జాడ వచ్చాక అది గల్లాలోకి దిగింది.

గీత దాటిన ప్రతివాడూ మునిగిపోతాడని కాదు. కోటిన్నర లోపు వ్యాపారులకు కాంపోజిషన్ పథకం ఉంది. సరుకు వ్యాపారి అమ్మకంపై ఒక శాతం కడితే సరిపోతుంది. 25 లక్షలకు 25 వేలు. కానీ నూటికి నాలుగైదు మిగిలే కిరాణాలో ఆ ఒక్క శాతం లాభంలో అయిదో వంతో నాలుగో వంతో అవుతుంది. నాలుగేళ్లది ఒకేసారి అడిగితే కొట్టు మూసుకోవాల్సిందే.

తమాషా ఏమిటంటే ఆదాయపు పన్నులో గాలి ఎదురు దిశలో వీస్తుంది. లెక్కల పుస్తకాలు రాయని చిరువ్యాపారి అమ్మకంలో 8 శాతాన్ని లాభంగా చూపాలి. బ్యాంకు ద్వారా వచ్చిన దానికైతే 6 శాతం చాలు. 30 లక్షల అమ్మకం మీద నగదైతే 2.40 లక్షలు, డిజిటల్ అయితే 1.80 లక్షలు. ఒక శాఖ జాడకు బహుమానం ఇస్తుంటే ఇంకో శాఖ అదే జాడ పట్టుకుని నోటీసు పంపుతోంది. వ్యాపారికి మాత్రం ఇద్దరూ ప్రభుత్వమే.

పన్ను ఎగ్గొట్టడాన్ని సమర్థించనక్కర్లేదు. కానీ సొంత పేరున్న సేవింగ్స్ ఖాతా క్యూఆర్‌నే కొట్టు ముందు అంటించుకున్నవారి ఖాతాలో పడేదంతా అమ్మకం కాదు. చిట్టీ పాడిన డబ్బు, బావమరిది తిరిగిచ్చిన చేబదులు, పక్క కొట్టువాడికి చిల్లర ఇచ్చి ఫోన్‌లో తీసుకున్న వెయ్యి, అన్నీ ఆ వరసలోనే పడతాయి. మొత్తం కూడి అమ్మకమనడం అధికారికి సులువు. విడదీసి చూపడం, నాలుగేళ్ల తర్వాత, పూలమ్మే ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

ఆగిపోయిన ఖాతా

ఖాతాలు ఆపేయడం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. ఎక్కడో ఒకరి ఖాతా నుంచి సైబర్ మోసగాడు డబ్బు కాజేస్తాడు. అది నాలుగు ఖాతాలు మారాక, అయిదోవాడు దాంతో ఒక కొట్టులో సెల్‌ఫోనో చొక్కానో కొంటాడు. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. డబ్బు నడిచిన బాట వెంట బ్యాంకులు ఖాతాలు ఆపుకుంటూ వస్తాయి, చివర ఈ కొట్టు దొరుకుతుంది. మూడు వేల వివాదానికి మొత్తం ఖాతా స్తంభించిపోతుంది. ఫిర్యాదు నమోదైన రాష్ట్రం ఎక్కడో ఉత్తరాన. అక్కడి పోలీసులకు ఏ భాషలో, ఏమని రాయాలో కొట్టువాడికి తెలియదు. సరుకు ఇచ్చినవాళ్లకు రాసిన చెక్కులు చెల్లకుండా పోతుంటాయి.

2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లో, మొత్తం ఖాతాను కాకుండా అనుమానం ఉన్న మొత్తాన్నే ఆపాలని చెప్పింది. ఆ తీరు అన్ని చోట్లా పాటిస్తే సగం బాధ తీరుతుంది. నగదు తీసుకున్నవాడిని ఆ నోటు అంతకుముందు ఎవరి జేబులో ఉందని ఎవరూ అడగరు. యూపీఐ తీసుకున్నవాడు కొన్నవాడి పూర్వాపరాలకూ కొంత జవాబుదారీ అవుతున్నాడు.

దారి వేసిన సంస్థకే ఇబ్బంది వచ్చినా దెబ్బ ఇలాగే కిందికి దిగుతుంది. 2024 జనవరి 31న రిజర్వ్ బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై ఆంక్షలు పెట్టినప్పుడు, అమ్మకం డబ్బు ఆ బ్యాంకులోనే పడేలా పెట్టుకున్న వ్యాపారులు మార్చి 15 లోపు వేరే బ్యాంకు ఖాతా జతచేసుకోవాల్సి వచ్చింది. స్టిక్కరు అదే, స్పీకరు అదే. వెనక డబ్బు చేరే గొట్టం మారింది. ఫోన్‌పే, గూగుల్ పే రెండిటి చేతుల్లోనే యూపీఐ లావాదేవీల్లో దాదాపు 80 శాతం ఉండటం కలవరపెట్టేది ఇందుకే. ఏ యాప్‌కూ 30 శాతం మించి ఉండకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020లోనే నియమం పెట్టింది. అమలు గడువు మాత్రం జరుగుతూ జరుగుతూ 2026 డిసెంబరు చివరికి చేరింది.

బయటి లెక్కలు

యూరప్‌లో 2015 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకు వాటాకు చట్టమే హద్దు పెట్టింది: డెబిట్‌కు 0.2, క్రెడిట్‌కు 0.3 శాతం. బ్రెజిల్ 2020 నవంబరులో తెచ్చిన పిక్స్ మన యూపీఐకి దగ్గరి చుట్టం. అక్కడ మామూలు జనానికి ఉచితం, వ్యాపార సంస్థల నుంచి బ్యాంకులు రుసుము తీసుకోవచ్చు. అయినా అది దేశమంతా పాకింది. అమెరికాలో క్రెడిట్ కార్డు కోత రెండు మూడు శాతం దాకా పోతుంది. అక్కడ గ్యాస్ స్టేషన్లు, ఇండియన్ గ్రోసరీ కొట్లు నడిపే మనవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. గ్యాస్ స్టేషన్ బోర్డుల మీద నగదుకు ఒక ధర, కార్డుకు ఒక ధర కనిపించడం, పది డాలర్ల లోపైతే క్రెడిట్ కార్డు తీసుకోమనడం ఆ కోత నుంచి పుట్టినవే. మనకు బ్రెజిల్ దారి దగ్గరగా కనిపిస్తుంది గానీ ఒక తేడా ఉంది. అక్కడ రుసుముకు వీలుండగానే జనం అలవాటు పడ్డారు. ఇక్కడ ఉచితానికి అలవాటు పడ్డాక మొదలుపెట్టాలి.

తేలనివి

నోట్ల రద్దుకు ముందు దేశంలో చలామణిలో ఉన్న నగదు 18 లక్షల కోట్లకు కాస్త తక్కువ. 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటింది. యూపీఐ పెరిగితే నగదు తగ్గుతుందన్న అంచనా తప్పింది. రెండూ కలిసి పెరిగాయి. కొట్టువాడు నగదును వదిలిపెట్టలేదు, పక్కన పెట్టుకున్నాడు. బెంగళూరులో ఒక్క నోటీసుతో అది మళ్లీ ముందుకొచ్చింది. 2022 డిసెంబరులో ప్రయోగంగా మొదలై తర్వాత హైదరాబాద్‌కూ వచ్చిన డిజిటల్ రూపాయి ఈ రెండిటి మధ్య చోటు సంపాదించాలనుకుంది. కొట్ల దగ్గర దాని ఊసు ఇంకా లేదు.

పెద్ద వ్యాపారికి 0.3 శాతం వేస్తే ‘పెద్ద’ అన్న గీత ఎక్కడ గీయాలో తేలలేదు. జీఎస్టీకి 20, 40 లక్షలు; డెబిట్ కార్డు రుసుముకు 20 లక్షలు; కాంపోజిషన్‌కు కోటిన్నర. ఒక్కో శాఖకు ఒక్కో చిన్న వ్యాపారి. గీత కిందుంటే కొట్లు దాని లోపల ఉండటానికి రెండు మూడు పేర్ల మీద క్యూఆర్‌లు పెట్టుకుంటాయి. ఒకటి భార్య పేరున, ఒకటి కొడుకు పేరున. ఇప్పటికే అలా చేస్తున్నవాళ్లు లేకపోలేదు.

అన్నిటికంటే తక్కువ మాట్లాడుతున్నది అప్పు గురించి. రుసుము రాని యాప్ కంపెనీలు వ్యాపారి రాబడిని చూసి ఏదో ఒక బ్యాంకుతోనో బ్యాంకేతర ఫైనాన్స్ కంపెనీతోనో (ఎన్‌బీఎఫ్‌సీ) అప్పు ఇప్పిస్తాయి, మధ్యవర్తిగా కమీషను తీసుకుంటాయి. కాగితాలు అక్కర్లేదు, తాకట్టు లేదు, క్యూఆర్ మీద వచ్చిన అంకెలే పూచీ. బ్యాంకు మెట్లెక్కలేనివారికి ఇది నిజంగా కొత్త తలుపు. వాయిదా మాత్రం చాలాచోట్ల రోజువారీ: పొద్దున్నుంచి క్యూఆర్ మీద పడిన డబ్బులోంచి ఆ రోజు వాటా పట్టుకుని మిగిలింది ఖాతాకు పంపుతారు. హైదరాబాద్, వరంగల్ వైపు గిరిగిరి అని, కోస్తాలో రోజువారీ ఫైనాన్స్ అని పిలిచే దాని నడక ఇదే. వడ్డీ ఆ స్థాయిలో ఉండకపోవచ్చు, చేతిలో కర్ర పట్టుకున్న మనిషీ లేడు. ఒక తేడా మాత్రం కొట్టువాడు ఇట్టే పట్టేస్తాడు. గిరిగిరివాడు సాయంత్రం బండి దగ్గరికి వస్తే ‘ఇయ్యాల బేరం లేదన్నా, రేపు ఇస్త’ అని చెప్పుకునే వీలుండేది. స్పీకరు అయిదొందలు అని చదివి, ఖాతాలో నాలుగొందల యాభై పడినప్పుడు చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.